మెట్లు ఎవరెక్కాలె

కొత్త టైంటేబుల్ మొదలైన సాయంత్రమే నూర్‌గంజ్ స్టేషన్లో ఒక చంటిపిల్ల తల్లికి దూరమైంది.

అప్పుడు సోనీ సిగ్నళ్ళ ప్యానెల్ ముందు కూర్చుని ఉంది. ఆమె ఆ స్టేషన్‌కు మాస్టరు. పాతబస్తీలో గోదాముల వెనక దాక్కున్నట్టుండే చిన్న స్టేషన్ అది. పగలంతా కునుకు తీసినట్టే ఉంటుంది కానీ, సాయంత్రం అయ్యేసరికి ఊపిరాడదు. పాలమూరు వైపు నుంచి ప్యాసింజర్ వస్తుంది, దాని వెనకే బొంబాయి ఎక్స్‌ప్రెస్ వస్తుంది. ఎక్స్‌ప్రెస్ చిన్న ఊళ్ళలో ఆగదు. అందుకని షోలాపూర్‌కూ బొంబాయికీ కూలికి పోయే పల్లె జనమంతా ప్యాసింజర్‌లో ఇక్కడిదాకా వచ్చి, మూడో నంబర్ ప్లాట్‌ఫారం మీద దిగి, బ్రిడ్జి మెట్లెక్కి దిగి, ఒకటో నంబర్ మీద ఎక్స్‌ప్రెస్ అందుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది.

కొత్త టైంటేబుల్‌లో ఎక్స్‌ప్రెస్ వేగం పెంచారు. ఇప్పుడది నూర్‌గంజ్ పొలిమేరలోనే ప్యాసింజర్‌ను వెనక నుంచి తరుముకుంటూ వస్తోంది. రెండింట్లో ఒకటి ఆగక తప్పదు.

"ప్యాసింజర్‌ని పక్క లైన్ల వెట్టమ్మా. ఎక్స్‌ప్రెస్ ముందు" అన్నాడు ఫోన్‌లో దీక్షిత్. అతను కంట్రోల్ ఆఫీసులో ఉంటాడు. ఆ దారిలో ఏ బండి కదలాలో, ఏది ఆగాలో చెప్పేది అతనే.

"పక్క లైన్ల వెడితే అండ్ల వచ్చేటోళ్ళకి ఈ ఎక్స్‌ప్రెస్ దొరకదు గద సార్?"

"టైంటేబుల్ జేసినోళ్ళు అన్ని సూస్కునే జేసిన్రు. వెట్టు."

సోనీ బటన్లు నొక్కింది. ప్యానెల్ మీద చిన్న దీపాలు ఒకదాని వెంట ఒకటి వెలిగి, ప్యాసింజర్ మెల్లగా పక్క లైన్లోకి మళ్ళి, ప్లాట్‌ఫారం కొసకు కూతవేటు దూరంలో ఆగింది. కిటికీలోంచి ఆమెకు దాని ముఖం కనిపిస్తూనే ఉంది. కాసేపటికి దాన్ని ఆనుకునే ఎక్స్‌ప్రెస్ దూసుకొచ్చి ఒకటో నంబర్ మీద నిలబడింది.

ప్యాసింజర్ తలుపుల్లో జనం నిలబడి చూశారు. తామెక్కాల్సిన బండి తమ ముందు నుంచే పోయిందని వాళ్ళకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత ఒక సంచి కింద పడింది. దాని వెనకే ఒక మనిషి దూకాడు. ఇక ఆగలేదు. మూటలు, రేకు డబ్బాలు, చుట్టిన చాపలు, భుజాల మీద పిల్లలు. అందరూ కంకర మీద పడుతూ లేస్తూ పరుగు.

"దిగొద్దు! ఓ అన్నా, దిగొద్దు!" అని పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ అంజన్ చేతులు ఊపుతూ వాళ్ళకెదురు పరుగెత్తాడు. అతను ఈమధ్యే, పెద్ద వయసులో రైల్వేలో కుదిరినవాడు, గొంతు మాత్రం పెద్దది. ఎవరూ వినలేదు.

సోనీ గదిలోంచి బయటికి వచ్చేసరికి ఎక్స్‌ప్రెస్ కదులుతోంది. చివరి పెట్టె తలుపులోకి ఒక పడుచుపిల్ల ఎగబాకి, వెనక్కి తిరిగి రెండు చేతులూ చాచింది. ఆ చేతుల్లో పిల్లను పెట్టాల్సిన ముసలామె కాలు కంకరలో మడతపడి ముందుకు పడింది. పడుతూ కూడా పిల్లను పైకెత్తి పట్టుకుంది. మోచేయి చీరుకుపోయింది. బండి ఆ పడుచును తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె కేక మాత్రం ప్లాట్‌ఫారం దాటేదాకా వినిపించింది.

సోనీ వాకీటాకీలో గార్డును పిలిచింది. ఆ పడుచును తర్వాతి స్టేషన్లో దింపమని చెప్పింది. ముసలామెను తన గదిలో కూర్చోబెట్టి, మోచేతికి గుడ్డ కట్టింది. పేరు నాగమణమ్మ. కోడలి పేరు రూప. పాల కోసం ఏడుస్తున్న పిల్లను ఆమె ఒడిలో ఊపుతూనే ఉంది. ఆటోలో రూప తిరిగొచ్చేసరికి ఆమె రవిక తడిసిపోయి ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా పిల్లను లాక్కుని, గోడవైపు తిరిగి కూర్చుంది.

నాగమణమ్మ సోనీ ముఖంలోకి చూసింది. "మా బండిని మా ముంగటికెల్లే వంపిన్రు గదమ్మా. జర ఆగితే ఏమైతుండె?"

సోనీ ఆమె మోచేతి గుడ్డ ముడి మళ్ళీ బిగించింది.

"గా ఎర్రదీపం, పచ్చదీపం ఎవలేస్తరు?"

"నేనే ఏసిన" అంది సోనీ.

మర్నాడు సాయంత్రం దీక్షిత్ అదే మాట చెప్పాడు. సోనీ ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కి పట్టుకుని వినింది.

"సార్, ప్యాసింజర్‌ని ముందు తీస్కుంటున్న."

"ఏంది?"

"ప్యాసింజర్ ముందు. ఎక్స్‌ప్రెస్ దాని ఎనక. మీరు చెప్పిన్రు, నేను విన్న. కని లైన్ దానికే ఇస్తున్న."

"సోనీ, పాగల్‌పన్ చెయ్యకు. ఎక్స్‌ప్రెస్‌కి జంక్షన్‌ల కోస్తా బండి కలవాలె. మార్జిన్ లేదక్కడ. నువ్వు ఆపితే అది పోతది."

"ఇక్కడ గుడ ఒక బండికి ఇంకో బండి కలవాలె సార్."

ఆమె బటన్ నొక్కింది. ప్యాసింజర్ మూడో నంబర్ మీదికి వచ్చింది. దాని వెనక ఎక్స్‌ప్రెస్ కూతలు పెట్టుకుంటూ వచ్చి ఒకటో నంబర్ మీద ఆగింది. మధ్యలో బ్రిడ్జి. మూటలు నెత్తిన పెట్టుకుని జనం మెట్లెక్కడం మొదలుపెట్టారు. మెట్లు ఇరుకు. ఎక్కేవాళ్ళకు దిగేవాళ్ళు అడ్డం. ఒక ముసలాయన సగంలో కూర్చుండిపోతే వెనకాల వరసంతా ఆగిపోయింది. డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. గార్డు జెండా పట్టుకుని సోనీ వైపు చూశాడు. ఏసీ పెట్టె తలుపు దగ్గర ఎవరో "క్యా తమాషా హై యే?" అని అరిచారు. సోనీ చేయి ఎత్తలేదు. ఆఖరి ఆడమనిషి ఆఖరి పెట్టెలో కాలు పెట్టాకే ఎత్తింది.

బండి పోయాక అంజన్ నవ్వుతూ చాయ్ తెచ్చిచ్చాడు. "అందరెక్కిన్రు మేడం! ఒక్కరు గుడ మిగల్లే."

ఆ చాయ్ ఆమెకు చాలా రుచిగా అనిపించింది.

చీకటి పడ్డాక దీక్షిత్ మళ్ళీ ఫోన్ చేశాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. "కోస్తా బండి వెళ్ళిపోయింది" అన్నాడు. "ఎక్స్‌ప్రెస్‌ల కెల్లి మారేటోళ్ళు జంక్షన్‌లనే ఉండిపోయిన్రు. ఒక పిల్ల ఉన్నది. పొద్దుగాల విశాఖపట్నంల నర్సింగ్ సీటుకు కౌన్సెలింగ్. పోకపోతే సీటు ఇంకోల్లకు ఇస్తరంట. వాళ్ళ నాయిన నాకే ఫోన్ జేసి ఏడ్సిండు. నేనేం చెప్పాలె?"

సోనీ కిటికీలోంచి ఖాళీ ప్లాట్‌ఫారం వైపు చూసింది.

"నీ స్టేషన్ల మంది నీకు కనవడతరు. నాకు ఎవ్వరు కనవడరు, చార్టు మీద గీతలే. కని ఆ గీతల మీద గుడ మనుషులే ఉంటరు సోనీ."

ఆమె ఇల్లు కంచన్‌బాగ్‌లో, లోహాల ఫ్యాక్టరీ ప్రహరీకి ఎదురు సందులో. ఆ ఫ్యాక్టరీలో క్రేన్ నడిపి రిటైరైన ఆమె తండ్రి ఇశ్రాయేలు, పొద్దున్నే వాకిట్లో పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. సోనీ ఆయన ఎదురుగా కూర్చుని తనూ నాలుగు కాయలు అందుకుంది. రాత్రంతా నిద్ర పోలేదని ఆమె కళ్ళే చెబుతున్నాయి.

"ఏమైంది బిడ్డా?"

"ఒకల్లను ఎక్కిచ్చిన బాపు. ఇంకోల్లను దించిన." జరిగింది చెప్పింది. నర్సింగ్ పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఈనె ఒకటి తెంపి పారేసింది. "ఆ పిల్లకు నేను కనవడనే కనవడ. ఎవలు జేసిన్రో గుడ తెల్వది. ఊకే సీటు వోయింది."

"మరి ఇయ్యాల ఏం జేస్తవ్?"

"తెల్వది. ప్యాసింజర్‌ని మాత్రం మల్ల పక్కకు నూకను."

"అయితే ఎక్స్‌ప్రెస్ లేటైతది."

"ప్యాసింజర్ ముందొస్తే ఎక్స్‌ప్రెస్‌కి పెద్దగ వోయేదేం లేదు బాపు. వెంటనే ఎనక వచ్చింది. నిలవడ్డదే శానాసేపు."

"ఎందుకు నిలవడ్డది?"

"వాళ్ళు మెట్లెక్కుతున్నరు గద..." అని సోనీ చేతిలో కాయను అలాగే పట్టుకుని ఉండిపోయింది.

ఇశ్రాయేలు తలెత్తి చూశాడు. ఆమె లేచి, ఒళ్ళోని ఈనెలు దులుపుకుని, డ్యూటీకి ఇంకా చాలా టైమున్నా చెప్పులేసుకుంది.

నూర్‌గంజ్‌లో ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం స్టేషన్ బిల్డింగును ఆనుకుని ఉంటుంది. కారు దిగి నాలుగడుగులు వేస్తే బండి. రెండూ మూడూ మాత్రం బ్రిడ్జికి అవతల, ఒకే దిమ్మెకు చెరోవైపున ఉంటాయి. దీనిమీద బండి ఆగి, దానిమీద ఇంకో బండి ఆగితే, దిగినవాడు నాలుగడుగులు ముందుకేస్తే చాలు, రెండో బండి తలుపు ఎదురుగా ఉంటుంది. ఎక్స్‌ప్రెస్‌ను ఒకటో నంబర్ మీదే తీసుకోవాలని రాసిపెట్టిన రూలేమీ లేదు. ఎప్పుడూ అలా తీసుకున్నారు, అంతే.

ఆ సాయంత్రం మైకులో సోనీయే చెప్పింది. "బొంబాయి ఎక్స్‌ప్రెస్ ఈ రోజు రెండో నంబర్ ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. ప్రయాణికులు ముందుగానే బ్రిడ్జి దాటవలసిందిగా కోరుతున్నాము."

ఒకటో నంబర్ మీద బెంచీల్లో కూర్చున్నవాళ్ళు ముందు నమ్మలేదు. రెండోసారి చెప్పాక లొల్లి మొదలైంది. సోమయ్య నేరుగా ఆమె గదిలోకి వచ్చాడు. అఫ్జల్‌గంజ్‌లో ఆయనది దుప్పట్ల హోల్‌సేల్ దుకాణం, తాతల నాటిది. షోలాపూర్ సరుకు కోసం తరచూ ఇదే బండిలో పోతాడు. స్టేషన్ ప్రయాణికుల సంఘానికి అధ్యక్షుడు కూడా. ఆయన వెనక గుమ్మంలో కుర్చీ వేయించుకుని తల్లి రుక్మాబాయి కూర్చుంది. ఒళ్ళో చీర కొంగుతో కప్పిన స్టీలు డబ్బా.

"ఏంది మేడం ఈ కొత్త కత? మేము మెట్లెక్కాల్నా?"

"అవునన్నా. జర ముందుగాలొస్తే ఆరాంగ ఎక్కొచ్చు."

"మా అమ్మ మోకాళ్ళు సూసిన్రా? ఆమె ఎక్కుతదా గవ్వి?"

"అమ్మ ఎక్కే పని లేదు. ప్లాట్‌ఫారం కొసకు సామాను బండ్లు దాటే దారున్నది. చక్రాల కుర్చీ ఉన్నది. నేనే దాటిస్త."

"సామాను లెక్క మా అమ్మని పట్టాల మీద తోస్తరా?" సోమయ్య ముఖం ఎర్రబడింది. "మేము ఏసీ టికెట్ గొన్నోళ్ళం. గా జనరల్ డబ్బల కోసం మమ్మల్ని గిట్ల సతాయిస్తరా? ఇయ్యాల పోము. రేపు పోతం, ఒకటో నంబర్ మీదికెల్లే పోతం. సూడున్రి."

రుక్మాబాయి ఏదో అనబోయింది. కొడుకు అప్పటికే కూలీతో సామాను కారు వైపు పంపుతున్నాడు. ఆమె కుర్చీలోంచి లేచేలోపే ప్యాసింజర్ వచ్చింది. దాని వెనకే రెండో నంబర్ మీదికి ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ప్యాసింజర్ తలుపుల్లోంచి జనం దిగి, దిమ్మె దాటి, ఎదుటి తలుపుల్లోకి నీళ్ళు పారినట్టు వెళ్ళిపోయారు. అంజన్ ఒక ముసలాయన మూట అందించేలోగా దిమ్మె ఖాళీ అయింది. సోనీ పచ్చజెండా ఎత్తింది. గుమ్మంలో నిలబడి రుక్మాబాయి ఆ బండి చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత కొడుకు చేయి పట్టుకోకుండా, గోడ పట్టుకుని కారు దాకా నడిచింది.

"జంక్షన్ల కలిసింది" అన్నాడు దీక్షిత్ రాత్రి ఫోన్‌లో. అతని గొంతులో మెప్పు ఉందో విసుగు ఉందో సోనీకి తెలియలేదు. "కని పైదాకా కంప్లెయింట్ వోయింది. రేపు ఆఫీసర్ వస్తున్నడు. తప్పయింది అనేసెయ్యి, సోనీ. ఒక్క మాటతోని అయిపోతది."

"ఏది తప్పయింది సార్?"

అతను ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు సాయంత్రం ఆఫీసరు వచ్చేసరికే సోమయ్య సంఘం మనుషులతో గదిలో ఉన్నాడు. రుక్మాబాయి మళ్ళీ అదే కుర్చీలో, అదే డబ్బాతో కూర్చుంది. ఆఫీసరు కుర్రవాడు కాదు, ముసలివాడు కాదు. పనులు త్వరగా తేల్చేసి వెళ్ళిపోవాలనుకునే మనిషి.

"స్టేషన్ మాస్టర్ గారూ, మొన్న కంట్రోల్ ఆర్డర్‌కు ఎదురు చెప్పారు. నిన్న ఎవర్నీ అడక్కుండా ప్లాట్‌ఫారం మార్చారు. ఇవన్నీ మీ ఇష్టమా?"

"మొన్న ఎదురు చెప్పిన సార్. దానికి మీరు ఏం శిక్ష వేసినా తీస్కుంట. మొన్న నా వల్ల జంక్షన్ల మంది పరేషానైన్రు, అది గుడ నేను ఒప్పుకుంట. నిన్నటిది ఒప్పుకోను."

"ఈ రోజు నుంచి ఎక్స్‌ప్రెస్ ఒకటో నంబరే. ప్యాసింజర్ పక్క లైన్లో. అంతే."

సంఘం మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సోనీ లేచి నిలబడింది. బల్ల అంచును పట్టుకుంది.

"రాసియ్యండి సార్."

"ఏమిటి?"

"ప్యాసింజర్‌ని పక్కకు వెట్టి, అండ్ల ఉన్నోళ్ళు ఎక్కాల్సిన బండిని వాళ్ళ ముంగటికెల్లే పంపియ్యుమని, మీ సంతకంతోని రాసియ్యండి. నేను అట్లనే చేస్త. రేపు ఇంకో ముసలామె కంకర మీద పడితే, నేను చూపియ్యనీకి ఒక కాయితం ఉండాలె గద."

ఆఫీసరు పెన్ను జేబులో ఉంది. చేయి దానివైపు పోలేదు. "ప్రతిదీ రాసివ్వడం కుదరదమ్మా. మాట చెబితే చాలు."

"మాటకు సిగ్నల్ ఏసేది నేను సార్. దీపం నా చేతిల ఉన్నది. ఎవలో ఒకలు మెట్లెక్కాలె. అది నాకు తెల్సు, మీకు తెల్సు. నెత్తి మీద మూట, సంకల పిల్ల ఉన్నోళ్ళు, మొత్తం దినం రైల్ల కూసొని వచ్చినోళ్ళు ఎక్కాల్నా? ఇంట్లకెల్లి కార్ల వచ్చి, కూలీతోని సామాను మోపిచ్చుకునేటోళ్ళు ఎక్కాల్నా? అంతే నేనడిగేది."

"మా అమ్మ మోకాళ్ళు..." అని సోమయ్య అందుకున్నాడు.

"ఆగు" అంది రుక్మాబాయి.

ఆమె గొంతు పెద్దదేమీ కాదు. కానీ సోమయ్య ఆగాడు.

"నిన్నటి కెల్లి నా మోకాళ్ళు, నా మోకాళ్ళు అంటున్నవ్. అవి నాయి బిడ్డా, నీయి గావు. ఎవ్వరన్న నన్ను అడిగిన్రా? నిన్న ఈ పిల్ల నన్ను కుర్చీల దాటిస్త అన్నది. నేను కూసుంటుంటిని. నువ్వే వద్దన్నవ్." ఆమె ఒళ్ళోని డబ్బాను సర్దుకుంది. "షోలాపూర్‌ల నా మనవరాలు బిడ్డను తొట్టెల్ల ఏస్తున్నది. నిన్ననే పోవాలె నేను. నా బండి నా కండ్ల ముంగటికెల్లే వోయింది. నువ్వు వోనిచ్చినవ్. మెట్లెక్కుడు కష్టం నాకు గాదురా. నీకు."

సంఘం మనుషుల్లో ఒకాయన గడియారం చూసుకుని, దగ్గి, బయటికి నడిచాడు. అతని వెనక ఇంకొకాయన.

"అమ్మా, నువ్వు ఊకో" అన్నాడు సోమయ్య. కానీ గొంతులో పట్టు లేదు.

రుక్మాబాయి సోనీ వైపు చేయి చాచింది. "గా కుర్చీ ఏది? తెప్పియ్యి."

అంజన్ కుర్చీ తోసుకొచ్చాడు. సోనీ ఆఫీసరు వైపు తిరిగింది. "సార్, ప్యాసింజర్ దగ్గరికొచ్చింది. దానికి లైన్ ఇయ్యాలె. పక్కకు వెట్టుమంటె రాసియ్యండి. లేకుంటె మూడో నంబర్ మీదికి తీస్కుంట."

ఆఫీసరు కిటికీ వైపు చూశాడు. "ఎదురు చెప్పినందుకు మీ మీద యాక్షన్ ఉంటుంది. అది నా చేతుల్లో లేదు."

"ఉండనియ్యండి."

"ఈ రోజుకు ఎలా నడుస్తుందో చూస్తాను" అన్నాడు ఆయన.

సోనీ బటన్ నొక్కింది. మైకు అందుకుని, ఎక్స్‌ప్రెస్ రెండో నంబర్ అని చెప్పింది. తర్వాత బయటికి వచ్చి, అంజన్‌తో కలిసి రుక్మాబాయి కుర్చీని ప్లాట్‌ఫారం కొసకు తోసింది. పట్టాలు దాటేటప్పుడు కుర్చీ కుదిపింది. ముసలామె డబ్బాను గట్టిగా పట్టుకుని, "నెమ్మదిగ బిడ్డా, లడ్డూలు పగులుతై" అంది.

ప్యాసింజర్ వచ్చింది. ఎక్స్‌ప్రెస్ వచ్చింది. మూటలూ చాపలూ పిల్లలూ ఒక తలుపులోంచి దిగి ఇంకో తలుపులోకి ఎక్కాయి. ఎవరూ పరుగెత్తలేదు. ఒక ఆడమనిషి ఎదుటి పెట్టెలో కిటికీ పక్కన చోటు చూసుకుని, పిల్లాడికి బిస్కెట్ పొట్లం విప్పి ఇచ్చింది. ఆఫీసరు బ్రిడ్జి కింద చేతులు కట్టుకుని చూస్తున్నాడు. రుక్మాబాయి తన సీట్లో కుదురుగా కూర్చుంది.

గార్డు పచ్చజెండా కోసం సోనీ వైపు చూశాడు.

ఆమె తలెత్తింది. బ్రిడ్జి మీద, సగం దారిలో, సోమయ్య ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో రెయిలింగు పట్టుకుని ఆయాసపడుతున్నాడు. ఇవాళ కూలీలెవరూ ఆయనకు దొరికినట్టు లేదు. పైనుంచి బండిని చూసి ఆదరాబాదరాగా రెండేసి మెట్లు దిగబోయాడు.

సోనీ జెండా చుట్టి పట్టుకుని కేక వేసింది.

"ఉరకకు అన్నా, నెమ్మదిగ దిగు! బండి ఆగుతది."

ఆయన ఆగి కిందికి చూశాడు. ఆ తర్వాత ఒక్కో మెట్టూ దిగి, దిమ్మె దాటి, ఆమె ముఖం చూడకుండా బండి ఎక్కాడు. సోనీ అటూ ఇటూ ఒకసారి చూసి, ఇంకెవరూ లేరని తేల్చుకుని, జెండా ఎత్తింది.